వంగిన కొలబద్ద: మిర్చి రిపోర్టులోని 5.3 అంటే అసలెంత?

చెన్నై సౌకార్‌పేటలో మిర్చి వ్యాపారం చేసే బాబాయి ఒకరు ఈమధ్య ఒక ల్యాబ్ రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. గుంటూరు యార్డులో కొన్న తేజ రకం కాయ, యూరప్‌కు ఓడ ఎక్కాల్సిన సరుకు. రిపోర్టులో ఒక వరుస ఆయన్ను నిద్రపోనివ్వడం లేదు. అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5.3 మైక్రోగ్రాములు, 95 శాతం విశ్వాస అంతరం (కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్) 4.7 నుంచి 6.0. ఎండుమిరపలో ఈ విషానికి యూరప్ పెట్టిన గరిష్ఠ పరిమితి 5.

"పరిమితి దాటిందని చెప్పదలిస్తే 5.3 అని ఊరుకోవచ్చుగా, మళ్లీ 4.7 అని రాయడం దేనికి? పైగా చూడు, కిందికి 0.6, పైకి 0.7. ముల్లు ఒకవైపు మొగ్గిందేమిటి?" అన్నారు.

మొదటి ప్రశ్న అందరూ అడిగేదే. రెండోది తూకం తెలిసిన మనిషికి తట్టిన ప్రశ్న. ల్యాబుల్లో ఏళ్ల తరబడి పనిచేసేవారిలోనూ చాలామంది దాన్ని పట్టించుకోరు. ఆ మొగ్గు పొరపాటు కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే విశ్వాస అంతరం గురించి తెలుసుకోవలసినదంతా దాదాపు తెలిసినట్టే.

కొలవడమంటే వెనక్కి చదవడం

అఫ్లాటాక్సిన్ ఒక బూజు విషం. కల్లంలో ఆరబోసిన కాయ వానకు తడిసి, సరిగా ఆరకముందే మూటకెక్కితే ఆస్పర్జిల్లస్ జాతి బూజు పట్టి దీన్ని పుట్టిస్తుంది. కిలోకు 5 మైక్రోగ్రాములంటే, 40 కిలోల టిక్కీ, అంటే మిర్చి మూట, మొత్తం మీద 0.2 మిల్లీగ్రాము. కాయలో కలిసిపోయిన ఇంత స్వల్పాన్ని ఏ తక్కెడా విడిగా తూచలేదు. కాబట్టి ల్యాబులు విషాన్ని నేరుగా కొలవవు. దానితో పాటు మారే మరో సంకేతాన్ని కొలుస్తాయి. ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఒకటి ఎలైసా. 1971లో స్వీడన్‌లో ఎవా ఎంగ్‌వాల్, పీటర్ పెర్ల్‌మన్ దాన్ని ప్రకటించారు. చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో రంగు ఎంత తేలిందో యంత్రం చదివి చెబుతుంది.

ఆ రంగును మోతాదుగా మార్చడానికి ముందు ఒక నిఘంటువు తయారు కావాలి. తెలిసిన మోతాదులున్న ద్రావణాలను, అంటే స్టాండర్డులను, అదే ప్లేటులో పెట్టి ఒక్కోదానికి ఎంత రంగు వస్తుందో రాసుకుంటారు. ఆ చుక్కల గుండా ఒక గీత గీస్తారు. ఈ పనినే కాలిబ్రేషన్ అంటారు. తర్వాత మన శాంపిల్ రంగు చూసి, గీత మీద నుంచి కిందికి దిగి మోతాదు చదువుతారు. నిఘంటువు మోతాదు నుంచి రంగుకు తయారైంది. దాన్ని వాడేది మాత్రం రంగు నుంచి మోతాదుకు. చిక్కంతా ఈ వెనక్కి నడకలోనే ఉంది.

గీత సూటిగా ఉంటే వెనక్కి నడవడం సులువు. ఇక్కడ అది వంగుతుంది. సీట్లు పరిమితంగా ఉన్న సిటీ బస్సును ఊహించుకోండి. సీట్లంటే ప్లేటు గుంటలో అణువులు అతుక్కునే చోట్లు. వాటిలో మొదట రంగు చొక్కాల వాళ్లు, అంటే రంగునిచ్చే అణువులు, కూర్చున్నారు. మన శాంపిల్‌లోని విషం అణువులు తెల్ల చొక్కాల వాళ్లు. వాళ్లు ఎక్కేకొద్దీ రంగు చొక్కాలు తగ్గుతాయి. మొదట ఎక్కిన పదిమంది తేడా కళ్లకు కడుతుంది. బస్సంతా తెల్ల చొక్కాలతో నిండిపోయాక ఇంకో వందమంది స్టాపులో నిలబడినా సీట్లలో కనిపించే మార్పు దాదాపు సున్నా. విషం తక్కువగా ఉన్నప్పుడు గీత నిటారుగా దిగుతుంది, ఎక్కువైనకొద్దీ చదునైపోతుంది.

లెక్కకు అనువుగా ఉండేలా అంకెలను సరళం చేసి ఒక గీత అనుకుందాం. విషం లేనప్పుడు రంగు 100. ఆపైన రంగు ఎంతంటే, మోతాదును 8తో భాగించి, 1 కలిపి, వచ్చిన దానితో 100ను భాగించాలి. అలా చేస్తే మోతాదు 2 దగ్గర రంగు 80. 8 దగ్గర 50. 32 దగ్గర 20. 72 దగ్గర 10. ల్యాబుల్లో వాడే నాలుగు పరామితుల లాజిస్టిక్ వక్రరేఖకు ఇది తేలికైన రూపం.

తప్పు రెండు చోట్ల నుంచి వస్తుంది

శాంపిల్ రంగు 60 అని యంత్రం చూపింది. అదే శాంపిల్‌ను పక్క గుంటలో పోస్తే 61 రావచ్చు, 58 రావచ్చు. పిప్పెట్ పట్టిన చేయి, గుంట అంచు, వేడి, అన్నీ కలిసి చేసే అల్లరి ఇది. ఒక గుంట రీడింగులో ఈ ఊగిసలాట 95 శాతం సందర్భాల్లో 2.4 లోపల ఉంటుందనుకుందాం.

రెండో తప్పు నిఘంటువులోదే. స్టాండర్డుల రీడింగులూ ఊగుతాయి గనక వాటి గుండా గీసిన గీత కూడా కచ్చితం కాదు. ఆ గీత నిలువున 1.8 మేర అటూ ఇటూ జరగవచ్చనుకుందాం. నిజానికి ఇది గీత పొడవునా ఒకేలా ఉండదు, అయినా ప్రస్తుతానికి చాలు. ఈ రెండు తప్పులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కాబట్టి వాటిని నేరుగా కూడకూడదు. వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. 5.76కు 3.24 కలిపితే 9, దాని వర్గమూలం 3. మొత్తం ఊగిసలాట 3.

ఖర్చు పెట్టే ముందు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అదే శాంపిల్‌ను నాలుగు గుంటల్లో పోసి సగటు తీస్తే 2.4 కాస్తా 1.2 అవుతుంది. మొత్తం మాత్రం 3 నుంచి 2.16కే తగ్గుతుంది. నాలుగు వందల గుంటల్లో పోసినా 1.8 కిందికి దిగదు. ఎందుకంటే గీత తప్పు అలాగే ఉంటుంది. ఒకే ప్లేటులో చదివిన నలభై శాంపిళ్లకూ గీత ఒకటే గనక, అది పైకి తప్పితే అన్నీ కలిసి ఒకేవైపు తప్పుతాయి. పది లాట్లకు ఒకే రోజు ఒకే ల్యాబులో మంచి ఫలితాలు వస్తే, అవి పది వేర్వేరు సాక్ష్యాలు కావు. వ్యాపారులు ఇక్కడే ఎక్కువగా మోసపోతారని నాకనిపిస్తుంది.

నిలువు తేడాను అడ్డంగా చదివితే

రంగు 60, ఊగిసలాట 3. అంటే అసలు రంగు 57 నుంచి 63 దాకా ఎంతైనా కావచ్చు. వెనక్కి చదివితే 60కి మోతాదు 5.3, 63కి 4.7, 57కి 6.0. బాబాయి రిపోర్టులోని మూడు అంకెలూ ఇవే. గీత వంగి ఉంది గనక పైకి 3, కిందికి 3 అన్న సమానమైన తేడా మోతాదులోకి వచ్చేసరికి 0.6, 0.7గా మారింది. మొగ్గు వచ్చింది ఇక్కడే.

ఇక్కడ ఆ మొగ్గు లెక్కలోకి రానంత చిన్నది. గీత చదునయ్యే వైపు వెళ్లండి. రంగు 20 వస్తే మోతాదు 32, అంతరం 26.8 నుంచి 39.1. కిందికి 5.2, పైకి 7.1. రంగు 10 వస్తే మోతాదు 72, అంతరం 53.5 నుంచి 106.3. కిందికి 18.5, పైకి 34.3. యంత్రం అదే, ఊగిసలాట అదే 3. గీత వాలు ఒక్కటే మారింది.

ఈ అంతరంలో చేరేవి ఏవో మాటల్లో చెప్పుకోవడం మంచిది. "అసలు మోతాదు ఇంతే అయితే ఈ రీడింగు రావడం వింతేమీ కాదు" అని ఏ ఏ మోతాదుల గురించి అనగలమో అవన్నీ. 5.0 అలాంటిదే, 5.8 కూడా. 9 కాదు. అంత విషం ఉంటే రంగు 47 దగ్గర ఉండాలి, 60 రావడం వింత.

± గుర్తు చెప్పే అబద్ధం

చాలా రిపోర్టుల్లో ఇంత వివరం ఉండదు. "72 ± 24" అని ఒక్క ముక్క ఉంటుంది. 24 ఎలా వచ్చింది? ఆ చోట గీతకు ఒక స్పర్శరేఖ గీసి, వంపును మరచిపోయి, అది సూటి గీతే అనుకుని లెక్క వేస్తారు. 72 దగ్గర వాలు 0.125, ఊగిసలాట 3ను దానితో భాగిస్తే 24. దీన్ని డెల్టా పద్ధతి అంటారు. కొలతల అనిశ్చితి మీద 1993లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శి ప్రధానంగా నేర్పిన దారి కూడా ఇదే.

దీన్ని చెడ్డ పద్ధతి అనడం అన్యాయం. రంగు 50 దగ్గర డెల్టా 7.04 నుంచి 8.96 అంటుంది, సరైన లెక్క 7.09 నుంచి 9.02. ఆ తేడా ఎవరికి కావాలి? రంగు 20 దగ్గర కూడా 26 నుంచి 38 అని చెప్పి, పెద్ద తప్పేమీ చేయదు. చేత్తో వేసుకోవచ్చు, ఆడిటర్‌కు ఒక్క నిమిషంలో చూపించవచ్చు. చిక్కు అంచులో వస్తుంది. 72 దగ్గర అది 48 నుంచి 96 అంటుంది, సరైన అంతరం 53.5 నుంచి 106.3. పొడవు కాస్త తప్పింది, స్థానం అంతకన్నా ఎక్కువ తప్పింది. కొనేవాడిని భయపెట్టే పై అంచు దగ్గర పదికి పైగా తగ్గించి చెప్పింది.

ఇంకా అంచుకు వెళ్దాం. రంగు 3 వచ్చిందనుకోండి. మోతాదు సుమారు 259. డెల్టా ఇచ్చే అంతరం మైనస్ 8 నుంచి 525. మైనస్ 8 మైక్రోగ్రాముల విషం! పచ్చి విషంలా కనిపిస్తున్న శాంపిల్‌లో విషం అసలు లేకపోవచ్చని ఆ అంతరం చెబుతోంది. రంగు పూర్తిగా పోయిందని కళ్లతో చూస్తూ కూడా.

మోతాదుకు బదులు దాని లాగరిథమ్‌లో లెక్క వేస్తే పరిస్థితి చాలావరకు చక్కబడుతుంది. 72 దగ్గర అంతరాన్ని కూడికల్లో కాక రెట్లలో చూస్తే కిందికి 1.35 రెట్లు, పైకి 1.48 రెట్లు. సమానం కాకపోయినా దగ్గరే. పాత తరం ల్యాబుల్లో గీతను సూటిగా చేయడానికి, అంచుల్లో గళ్లు సాగదీసిన లాజిట్ గ్రాఫు కాగితం మీద గీసేవారు. గీత సూటి అయ్యేది నిజమే. అంచుల్లో ఊగిసలాట మాత్రం ఉబ్బి, అక్కడి చుక్కలు గీతను తమ వైపు లాగేవి. ఒకచోట వంపు తీస్తే మరోచోట తేలుతుంది.

పై అంచు లేని అంతరం

రంగు 3కి సరైన అంతరం ఏమిటి? కింద అంచు రంగు 6 దగ్గర, అంటే 125. పై అంచు రంగు 0 దగ్గర. రంగు సున్నాకు చేరే మోతాదు ఈ గీతలో లేదు, అనంతానికి వెళ్తుంది. అంతరం "125, ఆపైన ఎంతైనా". మరోవైపు రంగు 98 వస్తే మోతాదు 0.16, పై అంచు 0.42, కింద అంచు సున్నా కిందికి జారబోతుంది గనక సున్నా దగ్గరే ఆపేయాలి.

ల్యాబు రిపోర్టులో "అనంతం" అని అచ్చు వేయడానికి ఎవరికీ చేయి రాదు. సాఫ్ట్‌వేర్‌కూ రాదు. కొన్ని ప్రోగ్రాములు రీడింగులను వేలసార్లు యాదృచ్ఛికంగా ఊపి, ప్రతిసారీ వెనక్కి చదివి, వచ్చిన మోతాదుల నుంచి అంతరం తీస్తాయి. ఇది మాంటే కార్లో పద్ధతి. 2008లో ఆ అంతర్జాతీయ మార్గదర్శికి చేర్చిన అనుబంధం దీన్ని వివరించింది. వంపు ఉన్నచోట ఇది డెల్టా కన్నా మెరుగు. అయితే రంగు 3 దగ్గర ఊపినప్పుడు వందలో రెండు మూడుసార్లు రంగు సున్నా కన్నా కిందికి పోతుంది. ఆ రంగుకు మోతాదు ఉండదు. ప్రోగ్రామ్ వాటిని "విఫలం" అని చప్పుడు చేయకుండా పారేస్తే మిగిలిన వాటి నుంచి చక్కని, పరిమితమైన అంతరం వస్తుంది. పారేసినవి మాత్రం సరిగ్గా అనంతం వైపు చూపుతున్నవే.

అనంతమైన అంతరం గణితం చేసిన పొరపాటేమో అన్న అనుమానం సహజం. సూటి గీతలకే ఈ సమస్యను గణాంకవేత్త ఎడ్గార్ ఫీలర్ 1940, 1954 నాటి వ్యాసాల్లో విప్పారు. గీత వాలు సున్నా కాదని గట్టిగా చెప్పలేని పరిస్థితిలో ఆయన పద్ధతి ఇచ్చే అంతరం హద్దు లేకుండా తెరుచుకుంటుంది, ఒక్కోసారి రెండు ముక్కలవుతుంది, ఒక్కోసారి మొత్తం సంఖ్యారేఖనే ఇచ్చేస్తుంది. దీన్ని లోపమని చాలామంది అన్నారు. 1987లో గ్లెసర్, హ్వాంగ్ నిరూపించిన ఫలితం ఆ వాదాన్ని తలకిందులు చేసింది. ఈ తరహా సమస్యల్లో ఎప్పుడూ పరిమితమైన అంతరాన్నే ఇస్తానని మాట ఇచ్చే ఏ పద్ధతికైనా, 95 శాతం హామీ కుప్పకూలే పరిస్థితి ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది. ఫీలర్ ఇచ్చే తెరిచిన అంతరమే నిజాయితీ గలదని నా అభిప్రాయం. ల్యాబులు ఆ మాటను తమ భాషలో "అత్యధిక స్టాండర్డు కన్నా ఎక్కువ" అని రాస్తాయి. అదీ సరైన జవాబే.

సి.ఆర్. రావు గీసిన హద్దు

మరింత తెలివైన పద్ధతి కనిపెడితే అంచులోనూ ఇరుకైన అంతరం రాదా? దీనికి జవాబు ఒక తెలుగువాడు ఇచ్చాడు. 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా చేరిన గణాంకవేత్త సి.ఆర్. రావు 1945లో ప్రచురించిన వ్యాసంలో ఒక హద్దు ఉంది. అదే కాలంలో స్వీడన్‌కు చెందిన క్రామెర్ కూడా విడిగా కనుక్కోవడంతో దానికి క్రామెర్-రావు హద్దు అన్న పేరు వచ్చింది. దత్తాంశంలో ఎంత సమాచారం ఉందో అంతకు మించిన కచ్చితత్వాన్ని, పక్షపాతం లేని ఏ అంచనా పద్ధతీ ఇవ్వలేదన్నది దాని సారం. మన సమస్యలో ఆ సమాచారం గీత వాలు వర్గాన్ని బట్టి ఉంటుంది. రంగు 50 దగ్గర వాలు 3.125, 10 దగ్గర 0.125. వాలు 25 రెట్లు పడిపోతే సమాచారం 625 రెట్లు పడిపోయినట్టు. పోయిన దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

శాంపిల్‌ను మాత్రం గీత నిటారుగా ఉన్నచోటికి తేవచ్చు. 72 ఉన్న సారాన్ని పది రెట్లు పలుచన చేస్తే 7.2 అవుతుంది. రంగు 52.6 దగ్గర తేలుతుంది, అంతరం 6.4 నుంచి 8.1. మళ్లీ పదితో గుణిస్తే 64 నుంచి 81. ఇంతకుముందు 53.5 నుంచి 106.3 ఉన్నది సగానికన్నా ఇరుకైంది. పలుచన చేయడంలో జరిగే పొరపాటును దీనికి కలపాలి, అయినా లాభమే. అనుభవమున్న టెక్నీషియన్లు ఏ సమీకరణమూ రాయకుండా రోజూ చేసే పని ఇదే.

పాత సరుకు పేరు కొత్త సరుకుకు పనికొస్తుందా?

గణాంక పండితుల మధ్య ఇంకా తెగని తగవు ఒకటుంది. 1939లో ఐసెన్‌హార్ట్ ఒక మాట గట్టిగా చెప్పారు. స్టాండర్డుల మోతాదు మనం ఎంచుకున్నది, రంగు యాదృచ్ఛికం. కాబట్టి రంగును మోతాదు మీద గీసి, వెనక్కి చదవడమే సరైనది. 1967లో క్రచ్‌కాఫ్ ఎదురు తిరిగారు. నేరుగా మోతాదును రంగు మీద గీస్తే సగటు తప్పు తక్కువ వస్తోందని కంప్యూటర్ ప్రయోగాలతో చూపారు. విమర్శకులు ఊరుకోలేదు. అలా గీసిన గీత ప్రతి శాంపిల్‌నూ స్టాండర్డుల సగటు వైపు లాగుతుందని, మధ్యలో ఉన్నవాటికి అది మేలు, అంచులో ఉన్నవాటికి అన్యాయమని అన్నారు.

1970లో హోడ్లీ ఈ గొడవకు వేరే వెలుగు చూపారు. రెండో పద్ధతి ఒక ప్రత్యేకమైన ముందస్తు అంచనా పెట్టుకున్న బేసియన్ లెక్కతో సమానమన్నారు. కొలిచేముందే శాంపిళ్లు ఏ శ్రేణిలో ఉంటాయో మనకు కొంత తెలుసని అది ఒప్పుకుంటోంది. ఫలానా మార్కెట్ నుంచి వచ్చే సరుకు ఎక్కువగా 5 లోపే ఉంటుందని తెలిస్తే, 5.3 రీడింగు వచ్చినప్పుడు ఆ పాత అనుభవాన్ని కలుపుకుని అంతరాన్ని కిందికి జరపడం బేసియన్లకు తప్పు కాదు, అలా చేయకపోవడమే తప్పు. ఎగుమతిదారుకు ఇది న్యాయం అనిపిస్తుంది. రాటర్‌డామ్ రేవులో సరుకు దించుకునేవాడు "మీ పాత మంచి పేరుతో నాకేం పని, ఈ కంటైనర్ సంగతి చెప్పండి" అంటాడు. అదీ న్యాయమే. ల్యాబు లోపలి నాణ్యతా నియంత్రణకు మొదటి వాదం, వివాదం ఉన్న రిపోర్టుకు రెండోది నప్పుతాయనుకుంటాను. ఏది వాడారో మాత్రం రాసి ఉండాలి.

5.3 పరిమితి దాటినట్టా, దాటనట్టా?

95 శాతం అనగానే "మన లాట్ 4.7కు, 6.0కు మధ్య ఉండటానికి 95 శాతం అవకాశం" అని చదువుకుంటాం. 1937లో గణాంకవేత్త నేమన్ ఈ భావనను రూపొందించినప్పుడు చెప్పింది కొంచెం వేరు. ఇదే విధానంతో వందసార్లు కొలిచి వంద అంతరాలు ఇస్తే, సుమారు 95 అంతరాలు అసలు విలువను పట్టుకుంటాయి. ఆ హామీ విధానానిది, ఈ ఒక్క కాగితానిది కాదు.

ఇక తీర్పు. యూరప్ అధికారిక తనిఖీ నిబంధన ప్రకారం, కొలత అనిశ్చితిని లెక్కలోకి తీసుకున్నాక కూడా పరిమితి దాటిందనడంలో సహేతుకమైన సందేహం మిగలకపోతేనే సరుకు తిరస్కరించాలి. అంటే చూసేది కింద అంచును. అది 4.7. మన సరళమైన గీతలో కింద అంచు 5ను దాటాలంటే రీడింగు సుమారు 5.7కు పైన రావాలి. కాబట్టి 5.3 దగ్గర తనిఖీ అధికారి తిరస్కరించలేడు. ఓడ ఎక్కించే ముందు తన సరుకును తాను పరీక్షించుకునే వ్యాపారి లెక్క దీనికి తలకిందులు. అతను చూసుకోవలసింది పై అంచును. అది 5 లోపు ఉండాలంటే రీడింగు సుమారు 4.4 లేదా అంతకన్నా తక్కువ రావాలి. ఈ 4.4, 5.7ల మధ్య ఉన్నది ఎవరూ గట్టిగా చెప్పలేని నేల. అసలు నిబంధనలోని అనిశ్చితిలో గీత తప్పుతో పాటు కాయ నుంచి విషాన్ని పూర్తిగా బయటికి తీయలేకపోవడం వంటివీ కలుస్తాయి గనక ఆ నేల ఇంకా వెడల్పవుతుంది.

ఇదంతా విన్నాక బాబాయి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "అది సరే, ఈ పొడి ఏ టిక్కీలోది?" అన్నారు.

దానికి ఈ రిపోర్టులో జవాబు లేదు. అఫ్లాటాక్సిన్ సరుకంతటా సమానంగా పరుచుకుని ఉండదు. వేల కాయల్లో విషమే ఉండదు, ఎక్కడో తడిసిన కొన్ని కాయల్లో గుత్తగా ఉంటుంది. వాటిలో ఒకటి శాంపిల్ సంచిలో పడితే ఒక అంకె, పడకపోతే మరో అంకె. అఫ్లాటాక్సిన్ పరీక్షల్లో అన్నిటికన్నా పెద్ద తప్పు సాధారణంగా ల్యాబు గుమ్మం బయటే, శాంపిల్ తీసేచోటే జరుగుతుంది. 4.7 నుంచి 6.0 అన్నది ల్యాబులో మరపట్టిన ఆ పొడి గురించిన అంతరం. పొడికీ కంటైనర్‌కూ మధ్య ఉన్న అంతరం ఎంతో తెలియాలంటే మళ్లీ టిక్కీలు విప్పాలి. ఒకే మూట నుంచి గుప్పెడు కాకుండా చాలా మూటల నుంచి కొంచెం కొంచెంగా తీసి, అన్నీ కలిపి మరపట్టించాలి. మర్నాడు ఉదయం గోదాములో ఆయన ఆ పనే పెట్టుకున్నారు.